ప్రాంగణమే ప్రథమ పాఠం

ఉద్దేశం: విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో నేలను, నీటిని, విద్యుత్తును పొదుపుగా వినియోగించుకొని పర్యావరణాన్ని పరిరక్షించే మార్గాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పర్యావరణ పరిరక్షణ ఆవశ్యకతను లోకానికి చాటిచెప్పే జ్ఞానం చాలావరకు విశ్వవిద్యాలయాలలోనే రూపుదిద్దుకుంటుంది. కాని భూగర్భజలాల గురించి పాఠం జరుగుతున్న భవనం పైకప్పు నుండి వాననీరు మురుగుకాలువలో కలిసిపోతూ ఉంటే ఆ బోధనకు సార్థకత ఏముంటుంది? ఆచరణ లేని బోధన అరణ్యరోదనమే. ఈ సత్యాన్ని గుర్తించిన కొందరు విశ్వవిద్యాలయాధిపతులు 1990లో ఫ్రాన్సు దేశంలోని తలువార్ గ్రామంలో సమావేశమై, బోధనలోనూ నిర్వహణలోనూ పర్యావరణానికి ప్రాధాన్యమివ్వాలని ప్రకటించారు.

ప్రాంగణ పరిరక్షణలో మొదటి మెట్టు ఉన్న ప్రకృతిని నిలుపుకోవడం. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఇందుకు చక్కని ఉదాహరణ. గచ్చిబౌలి ప్రాంతంలోని ఆ ప్రాంగణం కేవలం భవనాల సముదాయం కాదు. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు గల శిలలు, చెరువులు, పొదలతో నిండిన అడవి అక్కడ కనిపిస్తాయి. చుక్కల జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు, 200కు పైగా పక్షిజాతులు అక్కడ ఆశ్రయం పొందుతున్నాయి. చెట్ల కాండాలపై జీవించే ఒక కొత్త సాలీడు జాతిని అక్కడ గుర్తించి, 2010లో దానికి నగరం పేరు మీదుగా 'మురీషియా హైదరాబాదెన్సిస్' అని నామకరణం చేశారు.

ఈ ప్రాంగణాన్ని ఆనుకొని కంచ గచ్చిబౌలి భూమి ఉంది. తెలంగాణలో కంచ అంటే పశువుల మేతకు విడిచిన బీడు. అక్కడి 400 ఎకరాలు తనవేనన్న రాష్ట్ర ప్రభుత్వం అభివృద్ధి పనుల నిమిత్తం 2025 మార్చి నెలాఖరున యంత్రాలతో చెట్లను తొలగింపజేసింది. విద్యార్థులు దానిని తీవ్రంగా వ్యతిరేకించారు. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం చెట్ల నరికివేతను నిలిపివేయవలసిందిగా ఆదేశించింది. భూమి ఎవరిదన్న ప్రశ్న ఒకటైతే, దానిపై బ్రతికే ప్రాణుల గతి ఏమిటన్నది వేరొక ప్రశ్న. ఆ రెండవ ప్రశ్నను దేశం ముందుంచిన ఘనత విద్యార్థులకు దక్కుతుంది.

రెండవ మెట్టు నీటి సంరక్షణ. ఒక చదరపు మీటరు స్థలంలో ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు లభిస్తుంది. హైదరాబాదులో ఏటా సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అనగా 1,000 చదరపు మీటర్ల పైకప్పుపై 8 లక్షల లీటర్లు పడుతుంది. అందులో ఐదవవంతు వృథా అయినా 6,40,000 లీటర్లు మిగులుతుంది. రోజుకు తలకు 135 లీటర్ల చొప్పున నూరుగురు విద్యార్థులున్న వసతిగృహానికి అది నెలన్నర పాటు సరిపోతుంది. ఇంకుడుగుంతలు తవ్వితే ఆ నీరు నేలలోకి చేరి బోరుబావులకు ప్రాణం పోస్తుంది.

మూడవది విద్యుత్తు పొదుపు. పాతరకం పంకా సుమారు 75 వాట్లు వాడితే, కొత్తరకం పంకాకు 30 వాట్లు చాలు. వేయి పంకాలను మార్చి రోజుకు పది గంటల చొప్పున వాడినా ప్రతిదినం 450 యూనిట్లు ఆదా అవుతాయి. విశాలమైన పైకప్పులపై సౌరఫలకాలను అమర్చడం మరొక ఉపాయం. అయితే ఖాళీ గదిలో తిరుగుతున్న పంకాను ఆపడానికి ధనం అక్కరలేదు, శ్రద్ధ ఉంటే చాలు.

నాలుగవది వ్యర్థాల నిర్వహణ. భోజనశాలలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కులు కుప్పతొట్టిలో కుళ్లితే దుర్గంధం. గోబర్ గ్యాసు వంటి పద్ధతిలో వాడితే వంటకు ఇంధనం, మొక్కలకు ఎరువు. తడి చెత్తను, పొడి చెత్తను ఆదిలోనే వేరుచేయకపోతే ఏ యంత్రమూ ఏమీ చేయలేదు. ప్రయోగశాలల రసాయనాలను, పాడైన కంప్యూటర్లను సాధారణ చెత్తలో ఎన్నడూ కలుపరాదు.

మొక్కలు నాటడం మంచిదే. కాని నూరేళ్ల మర్రిని కొట్టి నూరు మొక్కలు నాటితే లెక్క సరిపోదు. పొదల అడవిని చదును చేసి పచ్చిక పరిస్తే కంటికి ఇంపుగా ఉంటుందేమో గాని, జింకకు నీడ దొరకదు, పిట్టకు గూడు మిగలదు. వేప, కానుగ, మోదుగ వంటి స్థానిక వృక్షాలే ఈ నేలకు తగినవి.

అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడటం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని భారత రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పేర్కొంటున్నది. విద్యార్థి ప్రాంగణంలో గడిపేది కొన్నేళ్లే. కాని అక్కడ అలవడిన నడవడి జీవితాంతం వెంట వస్తుంది. పట్టాతోపాటు ఆ నడవడిని కూడా ఇచ్చి పంపినప్పుడే విశ్వవిద్యాలయం తన పేరును సార్థకం చేసుకుంటుంది.

అర్థాలు

అరణ్యరోదనం = వినేవారు లేని మొర
ఇంపు = మనోహరం
నడవడి = ప్రవర్తన

ప్రశ్నలు

1. కంచ గచ్చిబౌలి ఉదంతం తెలియజేసే విషయమేమి?
2. మీ కళాశాల పైకప్పుపై ఏటా ఎంత వాననీరు పడుతుందో లెక్కించండి.
3. 'నూరేళ్ల మర్రిని కొట్టి నూరు మొక్కలు నాటితే లెక్క సరిపోదు' – వివరించండి.