అమ్మమ్మ సీరియల్, అమ్మాయి సిరీస్, మధ్యలో మనం

ఈసారి మన ముచ్చట టీవీ రిమోట్ చుట్టూ. చిన్న విషయం అనుకోకండి. రాత్రి ఏడు దాటాక ఇంట్లో పెద్దావిడకూ, ఎదిగిన పిల్లకూ మాటా మాటా పెరిగేది చాలావరకు దీని దగ్గరే. ఒకరిది సీరియల్, ఇంకొకరిది సిరీస్. "చెవుల్లో అవి తీసేసి మనుషులతో మాట్లాడవే" అని ఒకరు. "ఆ ఏడుపులు ఇంకా ఎన్నాళ్లు చూస్తావు?" అని ఇంకొకరు. ఒకరికి కూతురిగా, ఇంకొకరికి తల్లిగా నడుమ మనం. "నువ్వు ఎవరి పక్షం?" అని ఇద్దరూ అడుగుతారు. నేను ఇద్దరి పక్షమూ. ఎందుకో చెప్తాను, తీరిగ్గా కూర్చోండి.

మొన్న వేసవి సెలవులకు అందరం అమ్మ దగ్గర చేరాం. మాటల్లో 'కార్తీకదీపం' వచ్చింది. స్టార్ మాలో 2017లో మొదలై 2023 దాకా నడిచిన ఆ మొదటి కథ అయిపోయి ఎన్నాళ్లయినా, అమ్మకు అందులోని కథానాయిక దీప ఇంటి మనిషే.

"అమ్మమ్మా, దీప భర్త డాక్టరు కదా! ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే, బిడ్డ తనదేనా అన్న అనుమానాన్ని అన్నేళ్లు ఎలా చూశావు?" అంది మా అమ్మాయి.

"పెళ్లాం మాట మీద నమ్మకం లేనివాడికి కాగితం చూపిస్తే మాత్రం ఏం లాభమే?" అంది అమ్మ. "నల్లగా ఉందని మాటలు పడ్డ పిల్ల. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా వంట చేసుకుని బిడ్డను పెంచుకుంది. నేను చూసింది ఆ పిల్లని. వాడి అనుమానాన్ని కాదు."

"సరే, మరి ఒకే మొహాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూపించడం? చెప్పిందే మళ్లీ చెప్పడం?"

"అది నాకు మేలే. నేను చూసేది తక్కువ, వినేది ఎక్కువ. పొయ్యి మీద కూర ఉంటుంది, మీ తాతకు మాత్రలివ్వాలి, గేటు దగ్గర ఎవరో పిలుస్తారు. వెళ్లొచ్చేసరికి కథ నాకోసం అక్కడే ఆగి ఉంటుంది."

అమ్మ మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం అందులో పెద్ద సంగతే కనిపించింది. సీరియల్లో పాత్రలు మనసులో మాట కూడా పైకి ఎందుకు అంటాయి? నిన్న జరిగిందంతా ఇవాళ మళ్లీ ఎందుకు చెప్పుకుంటాయి? ప్రతి మలుపులో సంగీతం అంత గట్టిగా ఎందుకు మోగుతుంది? కారణాలు ఇంకా ఉండవచ్చు. కానీ వంటింట్లో నుంచి చెవితో కథను పట్టుకునే మనిషికి ఈ తీరు సరిగ్గా సరిపోతుంది. మనం వెక్కిరించే సాగతీత ఆమెకు వెసులుబాటు. ఇంట్లో అందరూ కూర్చుని చూస్తుంటే తనొక్కతే లేచి వెళ్లి రావలసిన మనిషి, తనకు వీలైన కథనే ఎంచుకుంది. ఆ సీరియల్ ఎందుకిలా ఉందని అడిగే ముందు, ఆమెకు అరగంట కదలకుండా కూర్చునే వీలు మన ఇంట్లో ఉందా అని మనల్ని మనం అడుగుదాం.

రేడియో రోజులు గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని, మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం, పిల్లలకు బాలానందం, ఉషశ్రీ గారి రామాయణ భారతాలు. చేతులు బియ్యం ఏరుతున్నా, పప్పు రుబ్బుతున్నా చెవులు ఖాళీయే. పని ఆపకుండా అందిన వినోదం అది. రేడియో మన అమ్మలకు అంత ఆప్తమైంది అందుకే.

అయినా ఆ తరం ఆడవాళ్లకు మాటలు తప్పలేదు. రేడియో కాకపోతే నవలలు. "ఆ పుస్తకాలు చదివి ఆడపిల్లలు చెడిపోతున్నారు, పగటి కలలు కంటున్నారు" అనని ఇల్లు ఉందా అప్పట్లో? యద్దనపూడి సులోచనారాణి గారి నవల కోసం పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం, అత్తగారి కంట పడకుండా చదవడం, పక్కింటి ఆవిడతో మార్చుకోవడం, ఇవన్నీ మా అమ్మ నోట విన్నవే. ఇవాళ మనవరాలి ఫోన్ చూసి విసుక్కునే అమ్మమ్మ, ఒకప్పుడు తన నవల కోసం అవే మాటలు పడింది.

ఇంకో సంగతి చెప్పనా? ఆ యద్దనపూడి 'మీనా' నవలే 1973లో విజయనిర్మల గారి దర్శకత్వంలో సినిమా అయింది. ఆ కథ ఆధారంగానే 2016లో త్రివిక్రమ్ 'అ ఆ' తీశారు. అమ్మమ్మ చాటుగా చదివిన కథను మనవరాలు మల్టీప్లెక్స్‌లో టికెట్ కొని చూసింది. మా ఇంట్లో ఈ ముగ్గురం ఆ కథ గురించి మాట్లాడుకుంటే రాత్రి పదకొండయినా తెమలదు. మీనాకు తల్లి అంటే అంత భయం ఎందుకు, తల్లి మాట దాటడం తప్పా ఒప్పా అని ముగ్గురివీ మూడు వాదాలు. తరాల మధ్య ఇంత అగాధం ఉందని మనం అనుకుంటాం కానీ, మనసుకు నచ్చే కథలు అంత మారలేదు.

ఇక ఆ సాయంత్రం ముచ్చటకే వస్తాను. అమ్మ ఎదురు ప్రశ్న వేసింది.

"నువ్వు చూసే ఆ కొరియా వాళ్ల కథలో ఏముంది? వాళ్ల భాష నీకు వచ్చా?"

"రాదు. కింద అక్షరాలు చదువుకుంటాను."

"భాష రాకుండా ఏం చూస్తావే?"

నాకు అక్కడ ఒక ఆదివారం గుర్తొచ్చింది. ఒకటి కాదు, చాలా ఆదివారాలు. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది. ఏడాదిన్నర పాటు ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటికి వీధంతా చేరేది. మా అమ్మకు హిందీ ముక్క రాదు. కింద అక్షరాలూ లేవు. అయినా సీత కంట నీరు పెడితే తనూ పెట్టుకుంది. ఆ మాటే నేను గుర్తు చేస్తే అమ్మ ఒప్పుకోలేదు. "అది రాముడి కథ, మనకు ముందే తెలుసు" అంది. న్యాయమే. కానీ అత్తాకోడళ్ల మధ్య నలిగే కొడుకు, డబ్బున్న ఇంటి అబ్బాయి, మాట పడని పేదింటి అమ్మాయి, తల్లికి చెప్పుకోలేని ప్రేమ, ఇవీ మనకు ముందే తెలిసిన కథలే కదా! కొరియన్ డ్రామాల్లో చాలావాటిలో ఉండేది ఇదే.

మా అమ్మాయి 'క్రాష్ లాండింగ్ ఆన్ యు' పెట్టింది. దక్షిణ కొరియాలో పెద్ద వ్యాపార కుటుంబంలోని అమ్మాయి పారాగ్లైడింగ్‌లో గాలివానకు కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడుతుంది. ఒక సైనికాధికారి ఆమెను తన ఇంట్లో దాచి కాపాడతాడు. మా అమ్మాయి అక్షరాలు చదువుతూ అమ్మమ్మకు తెలుగులో చెప్పుకొచ్చింది. ప్రేమకథ సంగతి ఏమో గానీ, ఆ ఊరి ఆడవాళ్లు కనిపించగానే అమ్మ ముందుకు జరిగి కూర్చుంది. కరెంటు పోతూ వస్తూ ఉండే ఊరు. ఇంటికి కొత్తగా వచ్చిన పిల్ల ఎవరో, ఏమిటో అని ఆరా తీసే ఇరుగుపొరుగు. చలికాలానికి సరిపడా క్యాబేజీ కిమ్చీ అందరూ చేరి పెట్టుకోవడం. "వీళ్లూ మన ఆవకాయ లాగే నిలవ పెట్టుకుంటారన్నమాట. నూనె పోయరా?" అని అమ్మ ప్రశ్న. మా అమ్మాయి అప్పటికప్పుడు ఫోన్‌లో వెతికి కిమ్చీ ఎలా పెడతారో చెప్పింది. ఆ రోజు రిమోట్ కోసం ఎవరూ పోట్లాడుకోలేదు.

అందుకే అంటున్నాను, అమ్మాయిలూ, మీ అమ్మమ్మ సీరియల్ ముందు ఒక్క వారం కూర్చోండి. పెద్దమ్మలూ, మీ మనవరాలి పక్కన కూర్చుని "ఈ పిల్ల ఎవరు?" అని అడగండి. ఆడవాళ్లకు నచ్చినదాన్ని చులకన చేయడం మన ఇళ్లలో పాత అలవాటు. మగవాళ్లు రోజంతా చూసే క్రికెట్‌ను ఎవరూ కాలక్షేపం అని తీసిపారేయరు. నవలను, సీరియల్‌ను, కొరియన్ డ్రామాను మాత్రం తీసిపారేస్తారు. ఆ పని బయటివాళ్లు చేస్తున్నది చాలు. మనలో మనం చేసుకోవద్దు.

కానీ మారనిదాన్ని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. నిజంగా మారింది ఒకటుంది, దాని గురించి నాకు బాధ ఉంది.

రేడియోకు రెండు మీటలు. ఒకటి తిప్పితే మోగుతుంది, రెండోది తిప్పితే స్టేషన్ మారుతుంది. చదువు రాని నాయనమ్మ కూడా తనంతట తాను పెట్టుకునేది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. ఆ తర్వాత మన ఇళ్లకు చేరిన టీవీకీ అంతే, మీట నొక్కితే బొమ్మ. ఇవాళ? టీవీకి ఒక రిమోట్, సెట్‌టాప్ బాక్స్‌కు ఒకటి. పొరపాటున ఏదో నొక్కితే 'సిగ్నల్ లేదు' అని నల్లటి తెర. యాప్ తెరవాలంటే పాస్‌వర్డ్. అది కొడుకు ఫోన్‌కు వచ్చే అంకెలతో ముడిపడి ఉంటుంది. కొడుకు బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉంటాడు. పెద్ద తెర కొనిచ్చి, నెలనెలా డబ్బు కట్టి, అన్నీ అమర్చామని మనం అనుకుంటున్నాం. పనిమనిషినో, పక్కింటి కుర్రాణ్ణో బతిమాలుకుంటే తప్ప అమ్మ తన పాట తాను వినలేకపోతోంది. జీవితమంతా ఇల్లు నడిపిన మనిషికి ఇది ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి. తనకు రావట్లేదని చెప్పుకోలేక "నాకు టీవీ మీద ఇష్టం పోయిందిలే" అనే అమ్మలు ఎంతమందో!

అలాగే పెద్దవాళ్ల మాటలో నిజమున్న చోట పిల్లలు వినాలి. రేడియోకు రాత్రి ప్రసారం ముగిసేది. దూరదర్శన్ మొదట్లో సాయంత్రం కొన్ని గంటలే. సీరియల్ అరగంటకు ఆగి, రేపటిదాకా ఎదురుచూడమంటుంది. ఫోన్‌లో వీడియోలకు ముగింపు లేదు. ఒకటి అయ్యేలోపే రెండోది మొదలవుతుంది. "ఇంక చాలు" అని చెప్పే బాధ్యత పూర్తిగా చూసేవాళ్ల మీదే పడింది. పెద్దవాళ్లకే అది కష్టమైతే చంటిపిల్లల మాటేమిటి? ఏడాది నిండని బిడ్డకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఇక్కడ అమ్మమ్మలకూ ఒక మాట. అన్నం తినడం లేదని పసివాడి ముందు ఫోన్ పెట్టేది చాలా ఇళ్లలో మనమే. మీకు వచ్చిన చందమామ కథలు, కాశీ మజిలీలు ఏ యాప్‌లోనూ మీ గొంతుతో దొరకవు. అవి చెప్పండి.

మరి ఏం చేద్దాం? నాకు పనికొచ్చినవి చెప్తాను.

అమ్మ వాడే మీటలు నాలుగే. ఆ నాలుగింటి మీద రంగు చుక్కలు పెట్టండి, మిగతావాటి జోలికి వెళ్లక్కర్లేదని చెప్పండి. ఆమె చూసే చానెళ్లను ముందు వరుసలో పెట్టండి. రిమోట్‌లో మైకు ఉంటే తెలుగులోనే మాట్లాడి వెతకడం నేర్పండి. "ఘంటసాల పాటలు" అనగానే తెర మీద అవి వచ్చినప్పుడు ఆమె మొహం చూసి తీరాలి. నేర్పేటప్పుడు రిమోట్ మీ చేతిలోకి తీసుకోకండి. ఆలస్యమైనా ఆమె వేలితోనే నొక్కించండి. మీకు అక్షరాలు దిద్దించేటప్పుడు ఆమె పలక లాక్కోలేదు కదా!

ఫోన్‌లోనూ టీవీలోనూ తర్వాతి వీడియో దానంతటదే మొదలుకాకుండా ఆపే వీలుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయండి. పిల్లలకు చెప్పే ముందు మనం ఆపుకుంటే మన మాటకు బలం ఉంటుంది.

ఇంకొకటి అన్నిటికన్నా ముఖ్యం. అమ్మ సీరియల్ టైముకు ఆ అరగంట పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడండి. కొడుకైనా, అల్లుడైనా, మనవడైనా సరే. గ్యాసు, మిక్సీ, గ్రైండరు వచ్చి మన చేతుల శ్రమ తగ్గించాయి, నిజమే. కానీ మిగిలిన టైము మళ్లీ ఇంటి పనికే పోతుంటే ఆ యంత్రాలు ఆమెకు ఇచ్చింది ఏమిటి? ఆమె ఆ కథను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడనివ్వండి.

వారంలో ఒక సాయంత్రం తెర అందరిదీ కావాలి. ఒక వారం అమ్మమ్మ ఎంచుకోవాలి, ఇంకో వారం మనవరాలు. మధ్యలో ఉన్న మనకూ ఒక వారం రావాలి సుమా, మనకూ ఇష్టాలు ఉన్నాయి! చూశాక ఫోన్లు పక్కన పెట్టి దాని గురించి వాదించుకోండి. గట్టిగానే వాదించుకోండి. వాదించుకునే ఇంట్లో అమ్మమ్మ ఏం నమ్ముతుందో మనవరాలికి తెలుస్తుంది, మనవరాలు దేనికి భయపడుతోందో అమ్మమ్మకు తెలుస్తుంది. దీపను నమ్మని భర్త గురించి అమ్మ అన్న ఆ ఒక్క మాట, మా అమ్మాయికి నేను ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట. అది సీరియల్ పుణ్యమా అని చెప్పగలిగింది అమ్మ.

ఈ వారమే మొదలుపెట్టండి. ముందు రిమోట్ తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టండి.