చారలు గీసే ముందు లెక్క

ప్రశ్న: మా ఆత్మకూరులో బస్టాండు దగ్గర రోడ్డు దాటాలంటే గుండె దడే. జీబ్రా చారలు ఎక్కడ గీయాలో ఎట్లా తేలుస్తారు?

జవాబు: మొదట లెక్కపెడతారు. గంటలో రోడ్డు దాటే మనుషుల సంఖ్యను వాహనాల సంఖ్య వర్గంతో గుణించమంటుంది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాత సూత్రం. డివైడర్ లేని రోడ్డు మీద అది 10 కోట్లు దాటితే నియంత్రిత క్రాసింగ్ కావాలి. అంటే, గంటకు వెయ్యి బండ్లు తిరిగే చోట వందమంది దాటినా చాలు. బండ్లు 500 అయితే మాత్రం 400 మంది కావాలి.

ఈ సూత్రంలో ఒక లొసుగుంది. భయపడి దాటడమే మానేసిన ముసలమ్మ ఆ లెక్కలోకి రాదు.

పైగా ఆత్మకూరు శ్రీశైలం దారిలోని ఊరు. శివరాత్రికి, ఉగాదికి నడిచివెళ్లే భక్తులు ఇటునుంచే వెంకటాపురం మీదుగా నల్లమలలోకి దిగుతారు. ఏదో ఒక మామూలు బుధవారం లెక్క తీసి చాలనుకుంటే కుదరదు.

చార ఎక్కడ పడాలన్నది జనం అడుగులే చెబుతాయి. వాళ్లు చుట్టు తిరిగి రారు. బస్సు దిగినవాళ్లు దాని ముందునుంచి దూరితే వెనకొచ్చే లారీకి కనబడరు. అందుకే చారలు బస్సు ఆగే చోటికి వెనకవైపు ఉండాలి.

ఉత్త రంగును నమ్ముకోరాదు. అమెరికాలో 30 నగరాల్లో చారలున్న వెయ్యి చోట్లను, లేని వెయ్యి చోట్లను పోల్చిన నివేదిక 2005లో వచ్చింది. రెండు వరుసల రోడ్లపై తేడా లేదు; రోజుకు 12,000 వాహనాలు మించిన వెడల్పు రోడ్లపై ఉత్త చారలున్న చోటే ప్రమాదాలు ఎక్కువ. అలాంటిచోట దీపం, వేగనిరోధకం, నడుమ ఆగే దిమ్మె కూడా అడగాలి.