స్పోర్ట్ బటన్ నొక్కితే ఏం మారుతుంది?

వేగంగా పరిగెత్తే కార్ల వీడియోలు మనలో చాలామందిమి చూస్తూనే ఉంటాం. స్టీరింగ్ మీద ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని ఒకసారి ‘వెట్’ వైపు, ఒకసారి ‘స్పోర్ట్’ వైపు, ఇంకోసారి ‘రేస్’ వైపు తిప్పుతారు. ‘రేస్’ పెట్టగానే కారు రోడ్డును మరింత గట్టిగా పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మీట టైరు పట్టును ఇసుమంత కూడా పెంచదు. మరి అది చేసే పనేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు టైరు సంగతి చూద్దాం. కారు ఎంత ఖరీదైనదైనా నేలను తాకేది నాలుగు చోట్లే. ఒక్కో చోటు ఇంచుమించు మన అరచేయంత ఉంటుంది, వెడల్పు టైర్లకైతే కాస్త ఎక్కువ. ముందుకు దూకడానికి, ఆగడానికి, మలుపు తిరగడానికి కావలసిన బలమంతా అక్కడ పుట్టే ఘర్షణ నుంచే రావాలి.

పదకొండో తరగతి వాళ్ళకు వృత్తాకార చలనం పాఠం గుర్తుండే ఉంటుంది. చదునైన మలుపులో జారకుండా వెళ్ళగల గరిష్ఠ వేగాన్ని వర్గం చేస్తే అది ఘర్షణ గుణకం, మలుపు వ్యాసార్ధం, గురుత్వ త్వరణం, ఈ మూడింటి లబ్ధానికి సమానం. వ్యాసార్ధం 50 మీటర్లు, పొడి రోడ్డు గుణకం 0.8, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు వస్తుంది. వాన పడి గుణకం 0.4కు దిగితే అదే మలుపులో గంటకు 51 కిలోమీటర్లే. ఈ లెక్కలో ఇంజను శక్తి ఎక్కడా లేదు, కారు ధర అసలే లేదు. కారు బరువు కూడా సమీకరణానికి రెండు వైపులా కొట్టుకుపోయింది.

ఆ పట్టును ఖర్చు పెట్టడంలో ఇంకో చిక్కు ఉంది. టైరు దగ్గర 10 పాళ్ళ పట్టు ఉందనుకుందాం. మలుపు కోసం 8 పాళ్ళు వాడేస్తే ముందుకు తోయడానికి ఎంత మిగులుతుంది? రెండు అని చెప్పాలనిపిస్తుంది. కానీ ఆ రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి ఇక్కడ పైథాగరస్ సిద్ధాంతం పనిచేస్తుంది. జవాబు ఆరు. ఐదారు వందల హార్స్‌పవర్ ఇంజను వెనక చక్రాలను తిప్పే కారులో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆ ఆరు పాళ్ళు క్షణంలో దాటిపోతాయి. వెనక టైర్లు పట్టు వదిలేస్తాయి, కారు తోక బయటికి విసురుకుంటుంది. దీన్ని ఓవర్‌స్టీర్ అంటారు. ముందు టైర్లే పట్టు వదిలి, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా పోతూ ఉంటే అది అండర్‌స్టీర్.

ఇక కంప్యూటరు పని. ప్రతి చక్రం దగ్గర వేగం కొలిచే సెన్సార్ ఉంటుంది. ఇంజను తిప్పే చక్రాలు మిగతా వాటికంటే మరీ వేగంగా తిరుగుతుంటే అవి జారుతున్నాయని అర్థం. అప్పుడు ఇంజను బలాన్ని తగ్గించడం, అవసరమైతే జారే చక్రానికి కొద్దిగా బ్రేకు వేయడం ట్రాక్షన్ కంట్రోల్ పని. జారడాన్ని పూర్తిగా ఆపేయడం మాత్రం దాని ఉద్దేశం కాదు. పొడి తారు రోడ్డు మీద చక్రం పదో, పదిహేనో శాతం జారుతూ తిరుగుతున్నప్పుడే టైరు అత్యధిక బలాన్ని ఇస్తుంది. అంతకు మించి జారితే బలం పడిపోతుంది. లోతైన ఇసుకలోనూ మెత్తటి మంచులోనూ వేరే లెక్క. అక్కడ చక్రం మరికొంత తిరిగి తవ్వుకుంటేనే కదలిక వస్తుంది. జైసల్మేర్‌లోనో లేహ్‌లోనో చదివి వచ్చిన మన స్నేహితులకు ఇది చూసి తెలిసిన విషయమే కావచ్చు.

స్టెబిలిటీ కంట్రోల్ ఇంకా పెద్ద ప్రశ్న అడుగుతుంది. డ్రైవరు ఎటు వెళ్ళాలనుకుంటున్నాడో స్టీరింగ్ కోణం చెబుతుంది. కారు నిజంగా ఎటు తిరుగుతోందో, తన నిలువు అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో మరో సెన్సార్ చెబుతుంది. పక్కకు ఎంత త్వరణం ఉందో ఇంకొకటి కొలుస్తుంది. రెండు కథలూ కలవకపోతే కంప్యూటరు ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. ఒక్క చక్రమే ఎందుకు? పొలం దున్నే ట్రాక్టరును గమనించండి. దానికి కుడి, ఎడమ వెనక చక్రాలకు విడివిడి బ్రేకులుంటాయి. రైతు చేను చివర ఎడమ బ్రేకు తొక్కితే ట్రాక్టరు ఎడమకు చుట్టు తిరుగుతుంది. కారులోనూ సూత్రం ఇదే. ఎడమ మలుపులో తోక బయటికి పోతే కుడి ముందు చక్రానికి బ్రేకు పడి, ఎక్కువైన తిరుగుడును వెనక్కి లాగుతుంది. కారు మలగకుండా తిన్నగా పోతుంటే ఎడమ వెనక చక్రానికి బ్రేకు పడి లోపలికి తిప్పుతుంది. నాలుగు చక్రాలకు విడివిడిగా బ్రేకు వేయడం ఏ డ్రైవరు కాలికీ సాధ్యం కాదు.

బాష్, మెర్సిడెస్ బెంజ్ సంస్థలు కలిసి దీన్ని 1995లో ఒక ఖరీదైన ఎస్-క్లాస్ కారులో తెచ్చాయి. 1997లో స్వీడన్‌లో, అడ్డొచ్చిన దుప్పిని తప్పించినట్టు చేసే పరీక్షలో మెర్సిడెస్ చిన్న కారు ఎ-క్లాస్ బోల్తా పడింది. ఆ తర్వాత సంస్థ ఆ కార్లన్నింటికీ ఈ వ్యవస్థను అమర్చింది. అంతవరకు పెద్దవాళ్ళ సొత్తుగా ఉన్నది అలా చిన్న కార్లలోకి దిగింది.

ఇప్పుడు మీట దగ్గరికి వద్దాం. ఫెరారీ 2004లో ఎఫ్430 కారు స్టీరింగ్ మీద ‘మనెట్టినో’ అనే మీట పెట్టింది. తర్వాత వచ్చిన ఎఫ్8 ట్రిబ్యూటోలో దానికి ఐదు స్థానాలున్నాయి. వెట్‌లో కంప్యూటరు చాలా ముందే కలగజేసుకుంటుంది. స్పోర్ట్‌లో కాస్త ఆగుతుంది. రేస్‌లో చక్రం మరికొంత జారే వరకు, తోక మరికొంత ఊగే వరకు ఓపిక పడుతుంది. నాలుగోది ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపేస్తుంది. ఐదోది స్టెబిలిటీ కంట్రోల్‌ను కూడా ఆపేస్తుంది. అంటే మారేది పట్టు కాదు, కంప్యూటరు చేయి వేసే హద్దు. 72 దగ్గర జారే మలుపులోకి 100తో వస్తే ఏ స్థానమూ కాపాడలేదు.

మాకు అన్నింటికంటే నచ్చినది మెర్సిడెస్-ఏఎంజీ జీటీ ఆర్‌లోని పసుపు రంగు చక్రం. స్టెబిలిటీ కంట్రోల్ ఆపాకే అది పనిచేస్తుంది. తొమ్మిది మెట్లు. మొదటిది తడి రోడ్డుకు, తొమ్మిదో దానిలో సాయం దాదాపు లేనట్టే. ట్రాక్షన్ వేరు, స్టెబిలిటీ వేరు అన్న సంగతిని ఇంత సూటిగా చూపే పరికరం మాకు ఇంకొకటి కనబడలేదు.

మరి నేర్పున్న డ్రైవరు సాయం తగ్గించమని ఎందుకు అడుగుతాడు? కంప్యూటరు తొందరపడి ఇంజనును అణిస్తే మలుపు నుంచి బయటపడేటప్పుడు కాలం పోతుంది. రేస్ ట్రాక్ మీద ఎదురు వాహనం రాదు, పక్కన ఖాళీ స్థలం ఉంటుంది, తప్పిపోతే తిరిగి రావచ్చు. ఫార్ములా 1లో ట్రాక్షన్ కంట్రోల్‌ను 2008 నుంచి నిషేధించారు కూడా. ఘాట్ రోడ్డు అలా కాదు. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో మనిషి ప్రమాదాన్ని గుర్తించి కాలు కదపడానికి ముప్పావు సెకను తీసుకున్నా, అప్పటికే కారు 15 మీటర్లు వెళ్ళిపోయి ఉంటుంది. కంప్యూటరుకు సెకనులో కొన్ని వందోవంతులు చాలు. అందుకే ఐరోపాలో 2014 నుంచి కొత్త కార్లన్నింటికీ దీన్ని తప్పనిసరి చేశారు.

మన ఇళ్ళ ముందున్న చాలా కార్లలోనూ ఇది వస్తోంది. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద, కారు బొమ్మ కింద వంకర గీతలున్న ఒక దీపం వెలిగి ఆరిపోతుంది. నడుస్తుండగా అది మిణుకుమంటే, ఆ క్షణంలో ఏదో ఒక చక్రం జారుతోందని, వ్యవస్థ పనిలో ఉందని అర్థం. ఆరకుండా అలాగే వెలుగుతుంటే ఎవరో దాన్ని ఆపేసి ఉంటారు, లేదా అది చెడిపోయి ఉంటుంది.