మోత పడని చెవులతో

1. స్టీలు గిన్నె గట్టు మీద టంగుమంటే నేను ఉలిక్కిపడేదాన్ని. ఇంట్లోవాళ్ళు ‘వేషాలు’ అనేవారు. డాక్టర్లు దీన్ని హైపరకూసిస్ అంటారు. మామూలు వినికిడి పరీక్షలో చాలామందికి ఏ లోపమూ కనపడదు, అందుకే ఎవరూ నమ్మరు. ఆ పరీక్ష ఎంత సన్నటి శబ్దం వినిపిస్తోందో చూస్తుంది. ఎంత మోతకి ఓర్చుకోగలమో చూసే పరీక్ష వేరే ఉంది, ఆడియాలజిస్టుని అడిగి చేయించుకోండి.

2. చెవుల్లో దూది కుక్కుకుని తిరగొద్దు. చెవికి శబ్దం అందకపోతే మెదడు ఆ లోటు పూడ్చుకోడానికి వాల్యూమ్ తనే పెంచుకుంటుంది. దూది తీసిననాడు కుళాయి నీళ్ళు కూడా గుచ్చుకుంటాయి. బాణసంచా కాల్చేచోట ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోవాల్సిందే, ఇంట్లో మాత్రం వద్దు. నేను రాత్రిళ్ళు ఫ్యాను ఆపను. పొద్దున్నే గౌతమి గోదావరి గట్టు మీద నడుస్తాను. గాలి, అలల చప్పుడు, ఎక్కడో పడవ ఇంజను. ఇలా సన్నటి శబ్దాన్ని కొంచెం కొంచెంగా చెవికి అలవాటు చేయడాన్నే సౌండ్ థెరపీ అంటున్నారు. నెలలు పడుతుంది మరి.

3. పక్కవాళ్ళు కాఫీ జుర్రితే ఒళ్ళు మండుతోందా? అది మిసోఫోనియా. ఆ పేరు 2001లో జాస్ట్రెబోఫ్ దంపతులు పెట్టారు. అక్కడ మోత ఎంతన్నది కాదు, ఏ చప్పుడన్నదే గొడవ. మా ఇంట్లో టిఫిన్ల వేళ రేడియో పెడతాం. కాపురానికి అది మంచిది.

4. ఉన్నట్టుండి ఒక్క చెవికే మోత పెరిగితే అద్దంలో మొహం చూసుకోండి. మూతి వంకర పోయినా, కన్ను మూతపడకపోయినా ఆ రోజే ఆసుపత్రికి. పెద్ద మోతని అణిచే బుల్లి కండరం చెవిలో ఉంది. దాన్నీ మొహాన్నీ కదిలించేది ఒకటే నరం.

5. జనవరిలో మన యానాం ప్రజా ఉత్సవాలు, ఆ తర్వాత పెళ్ళి ఊరేగింపుల డీజేలు. స్పీకరుకి ఎంత దూరంలో ఉన్నామో దానికి రెట్టింపు దూరానికి జరిగితే ఆరుబయట 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. 2000 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు కూడదు. యానాం పుదుచ్చేరిదైనా, వంతెన అవతల ఎదుర్లంక ఆంధ్రదైనా రూలు ఒకటే. రాత్రిపూట నీటి మీది చల్లగాలి చప్పుడుని కిందికి వంచి దూరం మోసుకొస్తుంది కాబట్టి, అవతలి ఒడ్డు మైకు మనింట్లోనే మోగుతుంది.

6. చెవులు మూసుకునే పిల్లల్ని కసరొద్దు. ఆటిజం ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. కుక్కరు కూతేసే ముందు మా మనవరాల్ని ‘వస్తోందే బంగారం’ అని కేకేస్తాను. అది పెరట్లోకి పరిగెడుతుంది, దాని వెనకాలే నేనూ.