రాతి మీద పేర్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నీ ఒకప్పుడు కరీంనగర్ జిల్లావే. ధూళికట్ట కూడా ఆ జిల్లాదే. ఇప్పుడది పెద్దపల్లి జిల్లాలో ఉంది. అక్కడ సుమారు రెండు వేల ఏండ్ల నాటి బౌద్ధ స్తూపం ఉంది. స్తూపం అంటే బుద్ధుని గుర్తుగా కట్టిన గుండ్రటి కట్టడం. అక్కడి రాతి పలకల మీద పడగ విప్పిన నాగుపాము బొమ్మలున్నాయి. చిన్న చిన్న రాతలూ ఉన్నాయి.

ఆ రాత పేరు బ్రాహ్మీ లిపి. మన తెలుగు అక్షరాలు దాని నుంచే పుట్టాయి. అందులో 'క' కూడిక గుర్తులా ఉంటుంది. 'ఠ' గాజులా గుండ్రంగా ఉంటుంది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన పాత నాణేల మీద కూడా ఇదే లిపి.

కొన్ని వందల ఏండ్లు ఈ లిపి చదివేవారే లేరు. దీని ముందు పెద్ద పండితులు కూడా వేలిముద్ర వాళ్లే!

మరి ఎట్లా చదివారు? కలకత్తా టంకసాలలో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు అధికారి ఉండేవాడు. సాంచీ స్తూపం మీది రాతల నకళ్లను ఆయన 1837లో చూశాడు. చాలా రాతల చివర అవే రెండు అక్షరాలు. రెండో అక్షరం పక్కన ఒక చుక్క. గుడికి ఏదైనా ఇచ్చినవాళ్లు ఏం రాయిస్తారు? మన ఊరి గుడిలో ఫ్యాను రెక్క మీద చూడండి. ఫలానావారి దానం అని ఉంటుంది. ఇక్కడా అంతేనేమో అని ఆయన ఊహించాడు. ఊహ నిజమైంది. ఆ రెండు అక్షరాలు 'దానం'. ఆ చుక్క మన సున్న! కొన్ని అక్షరాలను ఇతర పండితులు అంతకు ముందే గుర్తుపట్టారు. ఇక మిగతావి ఒక్కొక్కటే తెలిసిపోయాయి.

ఇచ్చినవాళ్లు రాజులే అనుకుంటాం. కాదు. ఆంధ్రలోని అమరావతి స్తూపం రాళ్ల మీద భిక్షుణుల పేర్లు, ఇల్లాళ్ల పేర్లు ఎన్నో ఉన్నాయి. విధికుడు అనే ఆయన తోలుపని చేసేవాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను ఇచ్చాడు. ఆ సంగతి ఆ రాయే చెబుతుంది.

చెక్కిన అక్షరం అరిగితే కండ్లకు ఆనదు. అందుకే పండితులు ముందు రాయిని శుభ్రంగా కడుగుతారు. తడి కాగితం పరిచి బ్రష్షుతో తట్టుతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దుతారు. గుంటల్లో సిరా అంటదు. నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు తేలుతాయి.

రాతి మీద కత్తి నూరితే అక్షరం పోతుంది. సున్నం కొడితే పూడిపోతుంది. చెలకలో, వాగు ఒడ్డున, పాత గుడి గోడలో రాతలున్న రాయి కనబడితే గీకకండి, కదపకండి. పంచాయతీలో గాని, తహసీల్దారుకు గాని చెప్పండి.

చేసి చూడండి: మీ ఊరి గుడిలో బండల మీద ఉన్న పేర్లు చదవండి. నోటుబుక్కులో రాయండి. వాటిలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని?