చలనచిత్రమును ప్రేమించిన కవి

పెన్నానది ఒడ్డున, సముద్రతీరమునకు కొద్దిదూరములో నెల్లూరు నగరము కలదు. మహాభారతమున పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి నడయాడిన నేల యిది. ఈ నగరముననే 1919వ సంవత్సరమున తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి జన్మించెను. లోకము ఆయనను పట్టాభి యనియే యెరుగును.

పట్టాభి మొదట కవి. శాంతినికేతనమునను, కలకత్తాలోను చదివి, పిదప న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను. ఇరువదియేండ్ల ప్రాయముననే, 1939లో, ‘ఫిడేలు రాగాల డజన్’ అను కవితాసంపుటిని వెలువరించెను. శ్రీశ్రీ దానికి పీఠిక వ్రాసెను. ఆ కవితలు ఛందస్సు కట్టుబాట్లను తెంచివేసినవి. పాతబాటను విడుచుటకు వెనుదీయని ఈ స్వభావమే తరువాత ఆయన చిత్రములందును కనిపించినది.

పట్టాభికి చలనచిత్రముపై మిక్కుటమైన మక్కువ. కె.వి. రెడ్డి దర్శకత్వమున 1958లో వచ్చిన ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ నిర్మాణములో ఆయన పాలుపంచుకొనెను. ఆ త్రోవనే సాగినచో ధనమునకు కొదవ యుండెడిది కాదు. కాని చలనచిత్రము ప్రేక్షకుని నవ్వించుటతో ఆగక, ఆలోచింపజేయవలెనని ఆయన ఆశయము. అట్టి కథ ఆయనకు కన్నడమున లభించెను. అది యు.ఆర్. అనంతమూర్తి వ్రాసిన ‘సంస్కార’ నవల.

ఒక అగ్రహారమున నారణప్ప అను బ్రాహ్మణుడు మరణించెను. అతడు ఆచారములను ధిక్కరించి బ్రతికినవాడు. అతనికి అంత్యక్రియలు ఎవరు చేయవలెను? శవము కదలనిదే ఊరిలో ఎవరును భుజింపరాదు. కాని ముట్టుటకు ఎవరును ముందుకు రారు. మహాపండితుడైన ప్రాణేశాచార్యుడు శాస్త్రగ్రంథములన్నియు తిరుగవేసెను, సమాధానము దొరకలేదు. నారణప్పతో నివసించిన చంద్రి తన నగలను తీసి ఖర్చులకై ముందుంచెను. తుదకు ఒక ముస్లిము సాయముతో రాత్రివేళ ఆమెయే దహనము జరిపించెను. పండితులు చేయలేనిది ఆమె కరుణ చేసినది.

ఈ కథను పట్టాభి స్వయముగా దర్శకుడై చిత్రముగా తీసెను. పేరొందిన తారలను తీసికొనలేదు. ప్రాణేశాచార్యునిగా గిరీశ్ కర్నాడ్, చంద్రిగా పట్టాభి భార్య స్నేహలత నటించిరి. ఆస్ట్రేలియా దేశస్థుడైన టామ్ కోవన్ ఛాయాగ్రాహకుడు.

చిత్రము పూర్తియైనను ప్రజలను చేరలేదు. కులవైషమ్యములు రేగునని శంకించి మదరాసు సెన్సారుమండలి దానిని నిషేధించెను. శ్రమయంతయు పెట్టెలలో మూలబడు స్థితి యేర్పడెను. ఆ పిదప కేంద్రప్రభుత్వము నిషేధమును తొలగించుటతో 1970లో చిత్రము విడుదలయ్యెను. ఆ యేటి ఉత్తమచిత్రముగా జాతీయబహుమానము దానికే లభించెను. చూడరాదన్న చిత్రమే చూడదగినదని దేశము గుర్తించినది.

పట్టాభి దంపతులకు స్వేచ్ఛ తెరపై మాటలతో ముగియలేదు. అత్యవసరపరిస్థితి కాలమున, 1976లో, స్నేహలతను బెంగళూరు కారాగారమున బంధించిరి. ఉబ్బసవ్యాధిచే ఆమె ఆరోగ్యము క్షీణించెను. 1977 జనవరిలో విడుదలయైన కొలది దినములకే ఆమె కన్నుమూసెను. అంతటి దుఃఖమునందును పట్టాభి చలనచిత్రమును విడువలేదు. ‘చండమారుత’, ‘శృంగారమాస’, ‘దేవరకాడు’ చిత్రములను తీసెను. 2006లో బెంగళూరులో మరణించెను.

విమర్శకుడు ఒక కళలోని లోపమును మాటలతో చెప్పును. పట్టాభి మరియొక రీతి చిత్రమును తీసి చూపెను. కొన్ని చిత్రములు విడుదలనాటి సందడితోనే మరుగున పడును. మరికొన్ని ఏండ్లు గడచినను, వెదకి చూచువారిని సంపాదించుకొనుచునే యుండును. ‘సంస్కార’ ఈ రెండవ కోవకు చెందినది. ఇష్టమైన కళను పొగడుట తేలిక. దానిచే సత్యము పలికించుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చినవాడే ఆ కళను నిజముగా ప్రేమించినవాడు.