సోమవారం దాకా ఉండు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి,

విజయనగరం నుంచి మీ పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ నీతో చెప్పాల్సినవి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, చూద్దాం" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుతావని రాస్తున్నాను. ఆంధ్రా యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి పిలిచారనీ, జియోఫిజిక్స్ వాళ్ళ సదస్సులో పావుగంట మాట్లాడమన్నారనీ సంతోషంగా మొదలుపెట్టావు. మాట పూర్తికాకుండానే, "విదేశాల నుంచి దిగేవాళ్ళ ముందు అనంతపురంలో బోరు పాయింట్లు పెట్టుకునే నేనేం మాట్లాడతాను" అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదమ్మా. నువ్వు తప్పకుండా వెళ్ళాలి.

ఇలాంటి సభల్లో పెద్ద పేర్లు ముందుకు రావడం సహజం. గ్రంధి మల్లికార్జునరావు గారు అక్కడ మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవారే. సి.ఆర్. రావు గారు అక్కడే గణితం ఎమ్మే చేసి కలకత్తా వెళ్ళి స్టాటిస్టిక్స్ పట్టుకున్నారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, ఆ శాస్త్రంలో ఇచ్చే అంతర్జాతీయ బహుమతి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. అలాంటివాళ్ళ పేర్లు వింటే కూర్చున్న పిల్లలకి ధైర్యం వస్తుంది, రావాలి కూడా. అయితే ఈ ఏడు చదువు ముగించి బయటికొచ్చే పిల్లకి ధైర్యంతో పాటు మొదటి అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియాలి. ఓఎన్‌జీసీలోనో, ఎన్‌జీఆర్ఐలోనో చోటు దొరికేది కొద్దిమందికే. మిగతావాళ్ళు ఆ చదువుతో ఏం చేస్తారు? ఫీల్డుకి ఆడపిల్లని పంపుతారా? ఊళ్ళో ఎక్కడ ఉండాలి? ఇంట్లోవాళ్ళకి ఏమని చెప్పాలి? వీటికి జవాబు నీ దగ్గర ఉంది. ఆ పని చేస్తున్నదానివి గనకే ఉంది.

అందుకని ఆ పావుగంటకి నీ ఉద్యోగ చరిత్ర రాసుకోకు. ఏ సంవత్సరం ఎక్కడ చేరావో, ఏ సర్టిఫికెట్ వచ్చిందో ఒక్క వాక్యంలో దాటెయ్. ఒకే ఒక్క బోరు కథ చెప్పు. పోయిన సంక్రాంతికి మా ఇంట్లో పప్పు రుబ్బుతూ నాకు చెప్పావు చూడు, ఆ వేరుశనగ చేను సంగతి. నాలుగు ఎలక్ట్రోడ్లు వరసగా పాతి, చివరి రెండింటి గుండా కరెంటు పంపి, మధ్య రెండింటి దగ్గర వోల్టేజీ చూస్తారనీ, దూరం పెంచుకుంటూ పోతే ఇంకా లోతు తెలుస్తుందనీ అప్పుడే నాకు అర్థమైంది. గట్టి గ్రానైటు కరెంటుని బాగా అడ్డుకుంటుంది, పగుళ్ళలో నీరున్నచోట ఆ అడ్డు తగ్గుతుంది, కానీ బంకమట్టి కూడా నీళ్ళలాగే తక్కువ చూపించి మోసం చేస్తుంది అన్నావు. ఆ మోసం క్లాసులో పాఠంగా వింటే పరీక్ష దాకే గుర్తుంటుంది. బోరు బండి అడుగుకి ఇంత అని మీటరు తిప్పుతుంటే, అప్పు తెచ్చిన రైతు గట్టు మీద నిలబడి నీ మొహం వంక చూస్తుంటే అదే పాఠం వేరే రకంగా ఎక్కుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లాలో తప్పు చోట వేసిన బోరు ఒక కుటుంబాన్ని ఎంత వెనక్కి నెడుతుందో పిల్లలకి తెలియనీ. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు చూసే పెద్దమనిషి అక్కడికి వచ్చినప్పుడు నువ్వు ఆయన్ని అవమానించకుండా, నీ రీడింగు వదులుకోకుండా ఎలా నెగ్గుకొచ్చావో అది కూడా చెప్పు. అది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

ఎండిపోయిన బోర్ల లెక్క కూడా దాచకు. ఎన్ని చూపిస్తే ఎన్ని పడ్డాయి, పడనివి ఎందుకు పడలేదు అని నోటు పుస్తకాల్లోంచి తీసి ఒక పట్టికగా రాసి పట్టుకెళ్ళు. రైతుల పేర్లు, ఊళ్ళ పేర్లు తీసెయ్. నీ దగ్గరున్న సౌండింగు రీడింగులూ, ఆ తర్వాత బోరు వేసినప్పుడు నిజంగా ఏ రాయి ఎంత లోతులో తగిలిందీ రెండూ పక్కపక్కన ఉన్న కాగితం ఎంత విలువైనదో అక్కడి పాఠం చెప్పేవాళ్ళకి తెలుసు. వాటిని డిపార్ట్‌మెంటుకి ఇవ్వొచ్చో లేదో మీ ఆఫీసులో ముందే అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఆఖరి వారంలో అడిగితే ఫైలు కదలదు.

నేను చదివింది కెమిస్ట్రీ కాబట్టి ఇంకో మాట. మీ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటికి లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకోవచ్చనీ మన ప్రమాణాలు చెబుతాయి. నువ్వు నీళ్ళు చూపించిన చోట ఆ నీళ్ళు తాగొచ్చో లేదో తేల్చేది మా వాళ్ళు. మీ జియోఫిజిక్సూ, మా కెమిస్ట్రీ రెండు డిపార్ట్‌మెంట్లూ ఆ యూనివర్సిటీలో ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. నువ్వు వెళ్ళిన పని మీద రెండుచోట్లా తలుపు తట్టు. ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అది చాలు.

బోరు కథ చెప్పడానికి మొహమాటపడకు. ఆ యూనివర్సిటీకి నేల మీద పని చెయ్యడం కొత్త కాదు. సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధన చేసిన సి. మహదేవన్ గారు వచ్చి అక్కడ జియాలజీని నిలబెట్టారు. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో పుట్టిన సంస్థ అది, తర్వాత వాల్తేరు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి గారూ, ఆ తర్వాత రాధాకృష్ణన్ గారూ దేశం నలుమూలల నుంచి పంతుళ్ళని ఏరి తెచ్చారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చి సైన్సు కాలేజీని నడిపించారు. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడితే మొత్తం యూనివర్సిటీ సామాను సర్దుకుని గుంటూరు పోయింది, యుద్ధం అయ్యాక వెనక్కి వచ్చింది. అంత కష్టపడి మిగిల్చుకున్న లాబులో నువ్వు చదువుకున్నావు. ఇప్పుడు నీ పని అక్కడ వినిపించడం వాళ్ళకి నువ్వు చెప్పే లెక్క అనుకో.

ఇక మనుషుల సంగతి. సమ్మేళనం వాట్సాప్ గుంపులో ఉన్నవాళ్ళే నీ బ్యాచి అనుకోకు. ఆ గుంపులో ఎవరు లేరో ఒక కాగితం మీద రాయి. పీజీ అయ్యాక పెళ్ళి చేసుకుని పాలకొండలో ఉండిపోయిన పిల్ల, నాన్నగారి మందుల షాపు చూసుకుంటున్న కుర్రాడు, ఉద్యోగం పోయి ఎవరికీ ఫోను ఎత్తనివాళ్ళు ఉంటారు. "నేనేం సాధించానని రావాలి" అని నువ్వు నాతో అన్న మాటే వాళ్ళూ అనుకుంటూ ఉంటారు. వాళ్ళకి మెసేజీ పెట్టకు, ఫోను చెయ్యి. "నువ్వు వస్తే నేనూ వస్తాను" అని చెప్పు. రిజిస్ట్రేషను రుసుము ఎవరికైనా భారమనిపిస్తే మీరు నలుగురు కలిసి కట్టండి, ఆ సంగతి ఐదోవాళ్ళకి తెలియనివ్వకండి. అందరూ కలిశాక జీతాలూ, ఇళ్ళూ, పిల్లల ర్యాంకులూ అడిగే మాటలు నీ నోటి నుంచి మొదలు కాకూడదు. పెళ్ళి కానివాళ్ళనీ, విడిపోయినవాళ్ళనీ "ఎందుకు" అని అడగకు.

పాత ఫోటోలు ఉంటే వెనక పేర్లు రాసి తీసుకెళ్ళు. ఇంకో ఇరవై ఏళ్ళకి ఆ పేర్లు చెప్పేవాళ్ళు ఉండరు. రిటైరైన మాస్టార్ల ఇళ్ళు ఎంవీపీ కాలనీలోనో, చినవాల్తేరులోనో ఎక్కడున్నాయో ముందే కనుక్కో. సభకి రాలేనివాళ్ళ దగ్గరికి సాయంత్రం పూట, చెప్పి వెళ్ళు. పళ్ళు పట్టుకెళ్ళు, శాలువాలు వద్దు, ఆ ఇళ్ళల్లో బీరువా నిండా అవే ఉంటాయి. లాబు అటెండరుగారు బతికే ఉన్నారని విన్నాను. ఫీల్డు ట్రిప్పుల్లో బ్యాటరీలు మోసి, కేబుళ్ళు చుట్టడం మీకు నేర్పింది ఆయనే అని నువ్వే చెబుతావు కదా. స్టేజీ మీద కృతజ్ఞతలు చెప్పేటప్పుడు ఆయన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పు.

నువ్వు 2009లో బయటికొచ్చావు. ఆ తర్వాత 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఆ ప్రాంగణంలో చెట్లు విపరీతంగా పడగొట్టింది. మీరు కూర్చున్న నీడ కనబడకపోతే మనసు కలుక్కుమంటుంది. దాని గురించి అక్కడి పిల్లల దగ్గర "మా రోజుల్లో" అని మొదలుపెట్టకు. వాళ్ళకి ఇప్పుడున్న చెట్లే చెట్లు. హాస్టలుకి వెళ్ళాలనిపిస్తే వార్డెనుని అడిగి వెళ్ళు, గది తలుపు తెరిచి ఫోటోలు తీయొద్దు. అక్కడ ఇంకో పిల్ల బట్టలు ఆరేసుకుని చదువుకుంటూ ఉంటుంది. భోజనం ఎలా ఉంది, నీళ్ళు వస్తున్నాయా, రాత్రి లైబ్రరీ నుంచి వచ్చేటప్పుడు భయం లేకుండా ఉందా అని అడుగు. వాళ్ళు చెప్పింది రాసుకుని నిర్వాహకుల చేతికి ఇవ్వు.

డబ్బు విషయం. ఎవరో మైకు పట్టుకుని పెద్ద మొత్తం ప్రకటిస్తారు, చప్పట్లు మోగుతాయి, నీకూ చెయ్యి లేపాలనిపిస్తుంది. వద్దమ్మా. ఇంటికి వెళ్ళి అల్లుడుగారితో మాట్లాడి, ఇవ్వగలిగింది ఇవ్వు. సంస్థ ఖాతాలోకే పంపి రసీదు తీసుకో. కానీ నువ్వు ఇవ్వగలిగినదాంట్లో డబ్బు చిన్నది. వేసవిలో ఇద్దరు విద్యార్థుల్ని ఆరు వారాలు నీతో ఫీల్డుకి తిప్పగలవా? ఇద్దరూ అమ్మాయిలైతే మరీ మంచిది. మీ ఆఫీసు ఒప్పుకుంటుందా, బస ఎక్కడ, ఎండకి పని వేళలు ఎలా మార్చాలి, వాళ్ళ ఖర్చు ఎవరిది, ఇవన్నీ వెళ్ళే ముందే తేల్చుకుని ఒక పేజీలో రాసి పట్టుకెళ్ళు. పావుగంట మాటల్లో ఆఖరి నిమిషం దానికి ఉంచు. సమ్మేళనాల్లో మాటిచ్చి వెళ్ళేవాళ్ళు చాలామంది. తేదీ చెప్పి వెళ్ళేవాళ్ళు తక్కువ.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అనంతపురంలో ఎక్కితే విశాఖలోనే దిగొచ్చు కాబట్టి ప్రయాణం ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడు శుక్రవారానికి చేరేలా చూసుకో, ఒక రాత్రి నిద్రపోయి సభకి వెళ్దువు గాని. డిసెంబరులో అక్కడ చలి ఉండదు, నూలు చీరలు చాలు. రోజంతా నడవాలి, పాత చెప్పులు వేసుకో.

అన్నిటికంటే ముఖ్యం తిరుగు ప్రయాణం. సభ శని, ఆదివారాలు. ఆ రెండు రోజులూ డిపార్ట్‌మెంటుకి తాళం ఉండొచ్చు, తెరిచినా అలంకరణే కనిపిస్తుంది. సోమవారం పొద్దున్న మామూలు క్లాసులు జరిగేటప్పుడు వెళ్ళు. హెడ్డుగారి అనుమతితో వెనక బెంచీలో కూర్చుని ఒక పాఠం విను. లాబులో ఏ పరికరం పనిచేస్తోందో, ఏది మూలన పడి ఉందో కళ్ళతో చూడు. ఆ వేసవి పిల్లల సంగతి అక్కడే, కాగితాల మీద, సంతకాలతో తేల్చుకో. అందుకని టికెట్టు సోమవారం రాత్రికి తీయి. మధ్యలో నా దగ్గరికి రాలేకపోయానని బాధపడకు, నేనే విశాఖ వస్తాను. మధ్యాహ్నం భోజనానికి ఎక్కడ కలుద్దామో ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ